అనసూర్య పేరు మీద

కరీంనగర్,
12 జూన్ 2024.

అనసూర్య వదినెకు,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి, దీనికి పిచ్చి లేచిందా అనుకుంటావు. ఫోన్ చేస్తే మీ తమ్ముడు పక్కకొచ్చి కూర్చుని "స్పీకర్ పెట్టు, మా అక్క గొంతు నేను సుత వింట" అంటాడు. నేను చెప్పబోయేది ఆయన విని నవ్వే మాట. ఇప్పటికే ఒకసారి నవ్వాడు. కలం పడితే నాకు బడిలో నేర్పిన భాషే వస్తుంది, దానికి నువ్వు నవ్వకు.

నేను చదువుకుందామనుకుంటున్నాను వదినె. అవును, నలభై అయిదేళ్లకు. మార్చిలో మా మహిళా సంఘం మీటింగుకు హైదరాబాదు నుంచి ఒకామె వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు చేసే పనిని ఎవరూ పని అని ఎందుకు అనరో గంటసేపు చెప్పింది. అందరూ సమోసాలు తిని వెళ్లిపోయారు, నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఇది ఎక్కడ నేర్పుతారమ్మా అని అడిగితే యూనివర్సిటీల్లో విమెన్స్ స్టడీస్ అని ఉంటుందని చెప్పింది.

అప్పటినుంచి మూడు నెలలు, నా తిప్పలు పగవాళ్లకు కూడా వద్దు. ఒక యూనివర్సిటీ వెబ్‌సైట్లో కోర్సు పేరుంది, నొక్కితే తెల్లకాగితం వస్తుంది. ఇంకో చోట రోజూ వచ్చి కూర్చోవాలట, హాస్టల్లో ఉండాలట. మూడో చోట వారం రోజులు ఫోన్ మోగీ మోగీ చివరికి ఒకాయన ఎత్తాడు. "మీ అమ్మాయి కోసమా?" అన్నాడు. నాకే అన్నాను. "సోషియాలజీ తీసుకోండి, రెండూ ఒకటే" అని పెట్టేశాడు. ఇక్కడ ఒక కాలేజీకి వెళ్లి అడిగితే కిటికీలోని పిల్ల ఎంత మర్యాదగా చెప్పిందనుకున్నావు! "ఆడోళ్ల కోర్సులా ఆంటీ? కుట్టుమిషన్ ఉన్నది, బ్యూటీషియన్ ఉన్నది, ఏది రాయాలె?"

మీ తమ్ముడేమన్నాడో విను. "ఆడోళ్ల గురించి నువ్వు చదువుడేంది? పుట్టంగనే పాసైనవు గద." స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ఆ మాట అనేసి తనను తానే మెచ్చుకుని రెండుసార్లు నవ్వాడు.

చివరికి మా బిడ్డ నవ్యశ్రీ వెతికి పట్టింది. ఏడాది డిప్లొమా. ఇంట్లో ఉండి చదవొచ్చు, నెలకు రెండు రోజులే క్లాసులు. సెంటర్లు రెండే రెండు. ఒకటి హైదరాబాదు, ఇంకొకటి మీ ఆదిలాబాద్! నువ్వు ఒకసారి వెళ్లి కనుక్కుంటావా? సీటొస్తే నెలకు రెండు రోజులు మీ ఇంట్లో పడుకుంటాను. నువ్వు జొన్న రొట్టె చెయ్యి, నేను గిన్నెలు తోముతాను.

నీ మరదలు,
జమున.


ఆదిలాబాద్,
24 జూన్ 2024.

మరదలు జమునకు,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ తెచ్చిస్తే మా ఆయన సిద్దిరాములు, తను పని చేసే జిన్నింగ్ మిల్లు నుంచి నోటీసు వచ్చిందనుకుని పరేషాన్ అయ్యాడు. నేను చదివి చెప్పేదాకా చెప్పులు విప్పలేదు.

శనివారం అంగన్‌వాడీ నుంచి అటే వెళ్లాను. ఆ సెంటర్ ఒక కాలేజీలో మేడ మీద గదిలో ఉంది. కైలాసం అనే క్లర్కు, సగం తెలుగు సగం మరాఠీ. నన్ను చూడగానే "కుట్టుమిషన్ కింద, బాయీ" అన్నాడు. నీకు జరిగిందే నాకూ జరిగిందని అక్కడే నవ్వొచ్చింది.

సంగతి ఇది. కోర్సుకు డిగ్రీ కావాలట. నీది ఇంటరే గదా, ఇక అయిపోయిందనుకుని లేచాను. అప్పుడు ఆయనే చెప్పాడు. కూలి పని చేసిన ఆడవాళ్లకు అయిదు సీట్లు వేరుగా పెట్టారట. వాళ్లకు పదో తరగతి ఉంటే చాలు. కానీ అయిదేళ్లకు తక్కువ కాకుండా పని చేసినట్టు గుర్తింపు కార్డు ఉండాలి. నాలుగు సీట్లు నిండాయి. ఒక్కటి ఉంది. ఆగస్టు 31 ఆఖరు.

అయిదేళ్లేమిటి, నువ్వు బీడీలు చుట్టింది పద్దెనిమిదేళ్లు. ఫికర్ చెయ్యకు, ఆ సీటు నీకోసమే మిగిలింది. ఏమేం చెబుతారో గోడకు అంటించారు. ఆడవాళ్ల పని, ఆడవాళ్ల చరిత్ర, చట్టాలు. నిలబడి రెండుసార్లు చదివాను.

కాగితాలు తయారు చేసుకో. రొట్టె సంగతి నాకు వదిలెయ్యి.

అనసూర్య.


కరీంనగర్,
3 జూలై 2024.

వదినెకు,

నీ ఉత్తరం చదివి ఎగిరి గంతేసింది ఎంతసేపో తెలుసా? బీరువాలోంచి కార్డు తీసేదాకా.

కార్డు నీది వదినె. ఇన్నేళ్లూ నాదే అన్నట్టు దాచుకున్నాను. తీసి చూస్తే నీ పేరు, నీ రెండు జడల ఫోటో. నీ పెళ్లయి నువ్వు ఆదిలాబాద్ వెళ్లాక, మరుసటేడు నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. కార్డు బంద్ చేస్తే కొత్తది ఇయ్యరని బాలవ్వ అత్తమ్మకు భయం. బీడీల చాట నా ఒళ్లో పెట్టి "నువ్వు చుట్టు, పేరు అనసూర్యదే ఉండనీ" అంది. మన వాడలో అందరి ఇళ్లలో అదే పద్ధతి కదా. బిడ్డ కార్డు మీద కోడలు, చచ్చిపోయిన అత్త కార్డు మీద మనుమరాలు. అప్పుడు నాకు అది తప్పని తోచలేదు, పని దొరికింది చాలనుకున్నాను.

ఇప్పుడు తిరుగుతున్నాను. మనకు ఆకు, తంబాకు ఇచ్చే టేకేదారు దగ్గరికి వెళ్లి, నేను పద్దెనిమిదేళ్లు చుట్టానని ఒక్క కాగితం రాసివ్వమన్నాను. "చుట్టినవమ్మా, నాకు తెల్వదా? కానీ రాసిస్తే నా మెడకు చుట్టుకుంటది" అన్నాడు. బీడీ కంపెనీ ఆఫీసుకు వెళితే రిజిస్టరు తిరగేసి "జమున పేరే లేదు" అన్నారు. అదే నేను చెబుతున్నానయ్యా అంటే, "లేని పేరుకు మేమేం జెయ్యాలె?" అన్నారు. మూడు రోజులు తిరిగాను. ఏడుపు కాదు వదినె, ఒళ్లు మండింది. నా చూపు పోయింది, నా నడుము పోయింది, రిజిస్టర్లో మాత్రం నేను ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

ఒక్క దారి తోస్తోంది. కార్డుదారు నువ్వే కాబట్టి, "ఇది నా కార్డే, పని చేసింది మా మరదలు" అని నువ్వు రాసిస్తే ఒప్పుకుంటారేమో కైలాసాన్ని అడుగు.

జమున.


ఆదిలాబాద్,
15 జూలై 2024.

జమునకు,

అడిగాను. నేను వెళ్లి రాసిస్తే చూద్దామన్నాడు. అసలు కార్డు చూపించాలట, జిరాక్సు పనికిరాదు. కార్డు స్పీడ్ పోస్టులో నా పేరున పంపు. నీ ఇంటర్ మెమో జిరాక్సు కూడా పెట్టు.

ఇక్కడ వానలు. పిల్లలు తడిసి వస్తున్నారు. పని ఎక్కువగా ఉంది.

అనసూర్య.


కరీంనగర్,
20 జూలై 2024.

వదినెకు,

కార్డు పంపుతున్నాను, జాగ్రత్త. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇంటర్ మెమో వెనక అంటించాను.

మొన్న ఆదివారం కొండగట్టు వెళ్లి అంజన్నకు మొక్కుకున్నాను. మీ తమ్ముడు గంట కొట్టి "స్వామీ, నా భార్యకు బుద్ధి ప్రసాదించు" అన్నాడు. నేను పక్కనే నిలబడి, నాకు సీటు ప్రసాదించు అన్నాను. ఎవరి మాట వింటాడో చూద్దాం. నవ్యశ్రీ అప్పుడే నాకో సంచి కొన్నది, జిప్పులున్నది. ఇరవై ఏళ్ల పిల్ల నాకు పెన్నులు సర్దుతుంటే సిగ్గేసింది, సంతోషమూ వేసింది. నీ మేలు మరచిపోను.

జమున.


కరీంనగర్,
21 ఆగస్టు 2024.

వదినెకు,

నెల దాటింది. కార్డు చేరిందని పోస్టాఫీసులో చూపిస్తోంది, నువ్వు సంతకం పెట్టావు. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎత్తవు. ఆరుసార్లు చేశాను. సిద్దిరాములు అన్నయ్య రెండుసార్లు ఎత్తి "అనసూర్య స్నానం చేస్తున్నది" అన్నాడు. రెండుసార్లూ అదే స్నానం.

ఒంట్లో బాగాలేదా? నా మీద కోపమా? ఇంకా పది రోజులే ఉంది. కైలాసం ఏమన్నాడు? ఒప్పుకుంటే ఒప్పుకున్నాడని, లేదంటే లేదని ఒక్క ముక్క చెప్పు. పొద్దున లేచి ఫోన్ చూసుకుని, మళ్లీ పనిలో పడుతున్నాను. ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను.

జమున.


ఆదిలాబాద్,
3 సెప్టెంబర్ 2024.

జమునా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది అయిదోది, ఎలా ఉన్నా పోస్టు చేస్తాను.

ఆ సీటులో నేను చేరాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ముందు చూద్దామన్న కైలాసం, తీరా కార్డు ముందు పెడితే ఒప్పుకోలేదు. "కార్డు ఒకరిది, చుట్టింది ఒకరంటే ఇద్దరి మీద కేసైతది, ఈ మాట ఇంకెక్కడ అనకు" అన్నాడు. లేచి వస్తుంటే కార్డు మీది ఫోటోనూ నా మొహాన్నీ చూసి "మరి నువ్వేంది బాయీ, ఎవరికోసమో తిరుగుతున్నవు? నీకు పదోది ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నది అన్నాను.

నాకు పది ఉన్న సంగతి నీకు తెలియదు. అంగన్‌వాడీలో ఆయా నుంచి టీచర్ కావాలంటే పది కావాలన్నారు. ఓపెన్ స్కూల్లో కట్టి, రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యాను. తీరా తీసుకెళ్తే వయసు దాటిందన్నారు. ఆ సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

నీకు ఎలాగూ రాదని తేలిపోయింది. కానీ ఆ మాట ముందు నీకు చెప్పి, నిన్ను అడిగి, తర్వాత చేరాలి. అడిగితే వద్దంటావని భయపడి అడగలేదు. ఇదే నా తప్పు. దీన్ని తిప్పి చెప్పను.

ఇంకో మాట కూడా విను. ఆ కార్డు ఉత్త పేరుకే నాది అనుకుంటున్నావు. నేను అయిదో తరగతిలో ఉండగా మా అవ్వ, అదే మీ అత్తమ్మ, నా పుస్తకాల సంచి తీసేసి చాట పెట్టింది. తమ్ముడిని చదివించాలన్నారు. పద్నాలుగేళ్ల దానికి పద్దెనిమిది అని రాయించి కార్డు తీశారు. పెళ్లయ్యేదాకా ఎనిమిదేళ్లు ఆ కార్డు మీద నేను చుట్టాను. ఇవాళ లెక్కల సారు నవ్వుతున్న చదువు, నా వేళ్ల మీద నడిచిన చదువు. వాడు ఎన్నడూ అనలేదు, నేను ఎన్నడూ అడగలేదు. కైలాసం "ఉన్నదా" అన్నప్పుడు మాత్రం నాకు కావాలనిపించింది. నాకంటూ ఏదైనా కావాలనిపించడం అదే మొదటిసారి.

తిట్టు. ఫోన్ చెయ్, ఈసారి ఎత్తుతాను.

అనసూర్య.


కరీంనగర్,
11 సెప్టెంబర్ 2024.

వదినె అని రాయబుద్ధి అయితలేదు. ఫోన్ చెయ్య. నీ గొంతు వినబుద్ధి అయితలేదు.

నాకు రాదని తెలిసినాక నువ్వు చేరినవు, గది నేను ఒప్పుకుంట. నీ ఎనిమిదేండ్లు నిజం. గది సుత ఒప్పుకుంట. నాకెవ్వరు చెప్పలే, చెప్తే అత్తమ్మతోని కొట్లాడేదాన్ని. కానీ నెలన్నర నన్ను ఎందుకు ఉరికించినవు? గా నెలన్నర నేను సంచి సర్దుకున్న. అంజన్నకు ముడుపు కట్టిన. వాడకట్టోళ్లకు చెప్పుకున్న, మా వదినె జేస్తుంది, మా వదినె ఉన్నదని. నువ్వేమో స్నానం జేస్తున్నవు.

పద్దెనిమిదేండ్లు నేను చుట్టింది నీ పేరున పడ్డది. ఇయ్యాల నేను వెతికిన చదువు సుత నీ పేరునే పడ్డది. నా పేరున ఏం పడాలె మరి? చెప్పు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, గంతేనా?

మీ తమ్మునికి నేను చెప్పలే. చెప్తే మల్ల నవ్వుతడు, ఈసారి ఇద్దరిని చూసి. గందుకే చెప్పలే, నీ మీద ప్రేమతోని కాదు.

ఉత్తరం రాయకు.

జమున.


ఆదిలాబాద్,
12 నవంబర్ 2024.

జమునా,

రాయకు అన్నావు. రాస్తున్నాను, చింపినా సరే.

మూడు క్లాసులు అయ్యాయి. పాఠం చెప్పేది మమతారాణి మేడం. క్లాసులో నాకు ఎంత పేరొచ్చిందో చెబితే నీకు ఇంకా మండుతుంది. కార్డు ప్రకారం నేను ఇరవై ఆరేళ్లు బీడీలు చుట్టిన దాన్ని కదా. మేడం నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి "పుస్తకాల్లో లేనిది అనసూర్య గారి దగ్గర ఉంది, మనం ఆమె దగ్గర నేర్చుకోవాలి" అంటుంది. వచ్చే నెల కల్లా నా పని గురించి నేను ఇరవై పేజీలు రాసివ్వాలి.

నిన్న అడిగింది. బీడీ కంపెనీ పని ఇచ్చే రోజులు ఒకప్పుడు నెలకు సగమయ్యాయి కదా, ఆ రోజుల్లో మీ వాడలో ఆడవాళ్లు ఏం చేశారు అని. నాకేం తెలుసు? అప్పటికి నేను ఇక్కడ పసిపిల్లల ముక్కులు తుడుస్తున్నాను. అందరూ పెన్నులు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. తల నొస్తుందని చెప్పి బయటికి వచ్చాను.

నాకు తెలిసింది ఎనిమిదేళ్లే. మిగిలింది నీ దగ్గర ఉంది. సిగ్గు విడిచి అడుగుతున్నాను, రాసి పంపుతావా?

అనసూర్య.


కరీంనగర్,
29 నవంబర్ 2024.

వదినె,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేద్దామని లేచాను. గ్యాసు పొయ్యి, ఏం వేస్తాం? మళ్లీ కూర్చున్నాను.

ఎంత ధైర్యం నీకు! నా పని తీసుకున్నావు, నా సీటు తీసుకున్నావు, ఇప్పుడు నా కష్టం కూడా కవర్లో పెట్టి పంపమంటున్నావు.

పంపుతున్నాను. ముప్పై ఒక్క పేజీలు అయ్యాయి. రాయనని ఒట్టు పెట్టుకుని కలం పట్టాను, వారం రోజులు దించలేదు. నవ్యశ్రీ కడుపులో ఉండగా తొమ్మిదో నెల దాకా చుట్టింది రాశాను. పుట్టాక దాని మూతి దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే తంబాకు వాసనకు మొహం తిప్పుకునేది, నిమ్మకాయతో వేళ్లు రుద్దుకుని పాలిచ్చింది రాశాను. పని రోజులు తగ్గినప్పుడు నలభై మంది కార్ఖానా ముందు కూర్చున్నాం. వానలో మూడు రోజులు కదల్లేదు. అందులో ముందు కూర్చున్నది నేను. అదీ రాశాను.

కార్డుల చెకింగు వచ్చిన రోజు గురించి కూడా రాశాను. చెకింగు సారు వరుసగా పేర్లు పిలుస్తున్నాడు. టేకేదారు నా వెనక నిలబడి "అనసూర్య అంటే నువ్వే, పలుకు" అని గొణిగాడు. "అనసూర్యా" అన్నారు. "ఆఁ" అన్నాను. తర్వాత తర్వాత అలవాటైపోయింది. బజారులో ఎవరైనా అనసూర్యా అని పిలిస్తే నేను తిరిగి చూసేదాన్ని వదినె.

ఇవి నీ దస్తూరితో ఎత్తి రాసుకుంటావో, ఇలాగే ఇస్తావో నీ ఇష్టం. నేను అడగను.

జమున.


ఆదిలాబాద్,
18 డిసెంబర్ 2024.

జమునా,

ఎత్తి రాసుకుందామనే కూర్చున్నాను. అబద్ధం చెప్పను. చెకింగు రోజు దాకా వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. "అనసూర్యా అన్నారు, ఆఁ అన్నాను" అని ఎలా రాయను? అనసూర్యను నేనే అయితే అందులో రాయడానికి ఏముంది?

నీ కాగితాలు నీ దస్తూరితోనే తీసుకెళ్లాను. పైన నీ పేరు నేనే రాశాను. మేడానికి ఇచ్చి, కార్డు సంగతంతా చెప్పేశాను. ఆమె కైలాసాన్ని పిలిచింది. ఈ బాయి సొంతంగా చుట్టిన ఎనిమిదేళ్లున్నాయి గదా అని ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఆ ఎనిమిదేళ్లకు కార్డు మీద రాయించిన నా వయసు కూడా తప్పే కదా. కార్డు చెల్లదన్నారు. నా అడ్మిషన్ రద్దు చేశారు. గడువు దాటింది కాబట్టి సీటు ఎవరికీ ఇవ్వరట. ఈ ఏడు అది ఖాళీయే.

నీకూ దక్కలేదు, నాకూ దక్కలేదు. ఇంటికి వచ్చి బాగా ఏడ్చాను. మా ఆయన "పోనీ తీయ్, ఇన్నాళ్లు లేదు గద" అన్నాడు. ఆ మాటకు ఇంకా ఏడ్చాను.

సంచి తీసుకుని వచ్చేస్తుంటే మేడం ఆ పూట పాఠం పక్కన పెట్టి నీ కాగితాలు చదవడం మొదలుపెట్టింది. మొదట నీ పేరు చదివింది. "ఈ జమున గారెవరు, ఏ సీట్లో ఉన్నారు" అని ఎవరో అడిగారు. మేడం మెల్లగా ఏం చెప్పిందో నాకు వినబడలేదు, నేను అప్పటికే మెట్ల మీద ఉన్నాను. మొత్తం చదివేదాకా మెట్ల మీదే కూర్చున్నాను.

అనసూర్య.


కరీంనగర్,
26 డిసెంబర్ 2024.

వదినె,

నిన్ను తీసేసిండ్రంటే నాకు సంతోషం కావాలె. అయితలేదు. మల్ల కోపం సుత పోలే. కడుపుల గట్లనే ఉన్నది, ఇంకెన్ని దినాలుంటదో తెల్వది. సంక్రాంతికి నన్ను పిలవకు, వస్తే కొట్లాడుత.

గియ్యన్ని తర్వాత. నాకు ఒక్కటి చెప్పు. ఆ మేడం నా పేరు చదివిందని ఒక్క ముక్కల రాసి పడేసినవు. ఎట్ల చదివింది? ఇంటిపేరుతోని చదివిందా, ఉత్త జమున అన్నదా? గట్టిగ చదివిందా? ఆఖరు బెంచీల కూసున్నోళ్లకు సుత వినబడ్డదా? నువ్వు మెట్ల మీద కూసుంటివి గద, నీకు వినబడ్డదంటే అందరికి వినబడ్డట్టే. అయినా నువ్వు రాయి. జల్ది రాయి.

జమున.